ఎగిరే మంచంలో కూనిరాగం

సికింద్రాబాద్ మారేడుపల్లిలో మురహరి అని ఒక కళ్ళజోళ్ళ షాపు ఆయన ఉండేవాడు. ఆయనకు పాటంటే ప్రాణం, పాట వినేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉంటే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది. ఎవరైనా దగ్గితే ముఖం చిట్లించేవాడు. బిస్కెట్ కొరికితే పళ్ళు నూరేవాడు. కుర్చీ కిర్రుమంటే అందులో కూర్చున్న మనిషి వంక ఒక చూపు చూసేవాడు. పాపం, ఆ మనిషి మళ్ళీ వచ్చేవాడు కాదు. అలా చూసి చూసి యాభై ఏళ్ళు వచ్చేసరికి ఆయన ఇంట్లో గోడ నిండా రికార్డులు చేరాయి. కుర్చీ మాత్రం ఒక్కటే మిగిలింది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదు" అనేవాడు. షాపు మూసి ఇంటికొచ్చి, పెరుగన్నం తిని, ఒక రికార్డు పెట్టుకునేవాడు. పాట అయిపోయి ముల్లు పైకి లేపాక ఆ గదిలో ఇక మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు. "నాకేం తక్కువ?" అనుకునేవాడు. అనుకున్నాక కాసేపు ఏసీ చప్పుడు వింటూ పడుకునేవాడు.

ఆయనకు గేట్‌మెన్ అనే రాక్ బ్యాండ్ అంటే పిచ్చి. ఒకప్పుడు రైల్వే క్వార్టర్స్ కుర్రాళ్ళు కొందరు కలిసి పెట్టిన బ్యాండ్ అది. చెవులు చిల్లులు పడేలా వాయించేవాళ్ళు. పేరు బాగానే వచ్చింది. పేరొచ్చాక వాళ్ళలో ముగ్గురికి ఒక వింత కోరిక పుట్టింది. బ్యాండుకు సెలవు పెట్టి, "ఎగిరే మంచం" అని ఇంకో పేరు పెట్టుకుని, సైకెడెలిక్ సంగీతం చేశారు. సైకెడెలిక్ అంటే కంగారు పడకండి. వింటూంటే గది గోడలు మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు, కూర్చున్న చోటే మనం తేలిపోతున్నట్టు అనిపించే రకం. అట్ట మీద ఊదారంగు ఆకాశంలో రెక్కలున్న నులకమంచం బొమ్మ వేశారు.

అంతటితో ఊరుకున్నారా? ఆ సంగీతాన్ని మూడు ముక్కలు చేసి మూడు రికార్డులుగా తెచ్చారు. ఒకదాంట్లో గిటార్లు. ఇంకోదాంట్లో డ్రమ్ములు, ఆర్గన్. మూడోదాంట్లో గొంతులు, వాన చప్పుళ్ళు, వెనక్కి తిరిగే రైలు కూతలు. ఏ ఒక్కటి విడిగా విన్నా, ఫోన్‌లో ఎవరో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని ఒకవైపు మాటలే విన్నట్టు ఉంటుంది. మూడిటినీ మూడు ప్లేయర్ల మీద ఒకేసారి మొదలుపెడితేనే అది పాట. అట్ట వెనక కూడా ఇంతే అచ్చువేశారు: "మూడు ప్లేయర్లు. మూడు చేతులు." కాపీలు కొద్దిగానే వేశారు. కొన్నాళ్ళకు బ్యాండూ పోయింది, కాపీలూ పోయాయి.

సికింద్రాబాద్ మొత్తం మీద ఒక్కో రకం ఒక్కోటి మిగిలింది. గిటార్ల రికార్డు మురహరి దగ్గర ఉండేది. డ్రమ్ముల రికార్డు లాలాగూడలో ఎడ్విన్ దగ్గర ఉండేది. ఎడ్విన్ రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, డెబ్భై దాటాయి. గొంతుల రికార్డు తార్నాకలో ఉండే వహీదా అనే ఫిజిక్స్ టీచర్ దగ్గర ఉండేది. నెలకో ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ ఎడ్విన్ ఇంటి ముందుగదిలో కలిసేవాళ్ళు. ఎవరి రికార్డు, ఎవరి ప్లేయరు, ఎవరి స్పీకరు వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. ఎవరి స్పీకర్ పక్కన వాళ్ళే కూర్చునేవాళ్ళు.

ఎడ్విన్ కుడిచేత్తో ముల్లు పట్టుకుని, ఎడమచేత్తో తన పాత పచ్చజెండా ఎత్తేవాడు. మురహరిని ఆయన మురారీ అనే పిలిచేవాడు. "ఏరా మురారీ, రెడీనా? వహీదా తల్లీ, రెడీనా? రైట్!" అని జెండా ఊపేవాడు. మూడు ముళ్ళూ దిగేవి. గదిలో మంచం ఎగిరేది.

అయితే ముళ్ళు ఎప్పుడూ సరిగ్గా ఒకేసారి దిగేవి కావు. ఒకటి రవ్వంత ముందో, ఇంకోటి రవ్వంత వెనకో పడేది. అందుకే ఏ ఆదివారం పాట ఆ ఆదివారానిదే.

"అంకుల్! పోయిన నెల కన్నా ఈసారి వాన ముందే వచ్చేసింది, విన్నారా?" అని వహీదా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది.

"ముందొచ్చింది వాన కాదు మేడమ్, మీ చెయ్యి" అనేవాడు మురహరి.

"పోనిద్దురూ భాయ్, బాగుంది కదా!"

"బాగుండటం వేరు, సరిగ్గా ఉండటం వేరు."

"నీ కళ్ళజోళ్ళ నంబర్లు ఇక్కడ పెట్టకురా మురారీ" అని ఎడ్విన్ నవ్వి, ప్లేటులో బిస్కెట్లు ముందుకు తోసేవాడు. తర్వాత వాదనలు మొదలయ్యేవి. గేట్‌మెన్ గొప్పా, ఎగిరే మంచం గొప్పా? ఏ అట్ట తొలి ముద్రణ, ఏది తర్వాతిది? చల్లారిన టీ మళ్ళీ కాచుకుని మరీ కొట్టుకునేవాళ్ళు.

ఇంత చిరాకు మనిషి ఆ గదికి ప్రతి నెలా ఎందుకు వెళ్ళేవాడంటే దానికో కారణం ఉంది. రెండోవైపు మధ్యలో ఒక చోట గిటార్లు ఆగిపోతాయి, డ్రమ్ములు ఆగిపోతాయి, వాన కూడా ఆగిపోతుంది. అప్పుడు ఎడ్విన్ స్పీకర్ వైపు నుంచి సన్నగా ఒక కూనిరాగం వచ్చేది. మాటలు లేవు. బిడ్డను జోకొడుతూ కొడుతూ తనే కునుకులోకి జారుకుంటున్న మనిషి గొంతులా ఉండేది. మురహరి ఎప్పుడూ కళ్ళు గట్టిగా మూసుకుని వినేవాడు. ఆ రాగం రాగానే ఆయన భుజాల మీద బరువు దిగిపోయేది. ప్రపంచంలో ఎవరో ఒకరు తన కోసం కూర్చుని పాడుతున్నట్టుండేది. ఆ కాసిన్ని క్షణాల కోసం నెలంతా ఎదురుచూసేవాడు.

ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎడ్విన్‌కు తన రికార్డు విలువ తెలిసిపోతుందని భయం! అభిమానులందరికీ ఫోన్‌లో ఒక గ్రూపు ఉండేది. బెంగళూరు వాళ్ళు, మద్రాసు వాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో అందులో ఉండేవాళ్ళు. "రెండోవైపు మధ్యలో ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, అద్భుతం!" అని ఎవరో రాశారు ఒకసారి. మురహరి లోలోపల నవ్వుకున్నాడు. "నిశ్శబ్దమట! పాపం, వీళ్ళది తర్వాతి ముద్రణ. కూనిరాగం తీసేసి ఉంటారు. అసలు ముద్రణ ఎడ్విన్ అంకుల్ దగ్గర ఒక్కటే ఉంది" అని తేల్చుకున్నాడు. రికార్డులు పోగేసేవాళ్ళ బుర్ర అలాగే పనిచేస్తుంది మరి. ఏ తేడా కనిపించినా వాళ్ళకు ముద్రణే గుర్తొస్తుంది.

కొంతకాలానికి ఎడ్విన్ చేతులు వణకడం మొదలైంది. ఒక ఆదివారం ముల్లు జారి రికార్డు మీద కర్రుమని గీసుకుంది. ముగ్గురూ ఒక్కసారే దాని మీదికి వంగి చూశారు. అదృష్టం బాగుండి గీత అంచు మీదే పడింది.

ఎడ్విన్ రికార్డును చొక్కా కొసతో మెల్లగా తుడిచాడు. "ఇక నా చేత కాదురా మురారీ. నీ గదిలో ఏసీ ఉంది, దుమ్ము లేదు. నా రికార్డు నీ దగ్గర పెట్టుకో. ఇకనుంచి మీ ఇంట్లోనే విందాం. ఆదివారాలు మాత్రం ఆపకు. నాకున్న సరదా అదొక్కటే" అన్నాడు.

"నాదీ ఉంచండి భాయ్. మా ఇంట్లో చెదలు పట్టాయి, భయంగా ఉంది" అంది వహీదా.

మురహరి రెండు రికార్డులనూ అందుకున్నాడు. "ఆదివారాలు ఎందుకాపుతాను అంకుల్? మాటిస్తున్నాను" అన్నాడు.

మూడు రికార్డులూ ఒకే ఆటోలో మారేడుపల్లి చేరాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మురహరికి ఒకటే ఆలోచన. ఇక దగ్గులు లేవు, బిస్కెట్లు లేవు, ముందొచ్చే వాన లేదు. ఆ కూనిరాగం తనదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు!

మరుసటి నెల ఎడ్విన్ ఫోన్ చేశాడు. "ఏరా మురారీ, ఈ ఆదివారం ఎన్నింటికి రమ్మంటావు?"

"ఈ నెల వద్దంకుల్, గదికి రంగులు వేయిస్తున్నా."

ఆ పై నెల ప్లేయర్ బాగాలేదన్నాడు. ఆ తర్వాత షాపులో పనెక్కువగా ఉందన్నాడు. ఎడ్విన్ ప్రతిసారీ "సరేలేరా, తొందరేముంది" అనేవాడు. తర్వాత ఫోన్ చేయడం మానేశాడు. మురహరికి హాయిగా అనిపించింది.

నిజానికి ఆ రోజుల్లో మురహరి ఒక ఏర్పాటు చేస్తున్నాడు. మూడు చేతులు కావాలని అట్ట మీద ఉంది. ఆయనకున్నవి రెండే. ఇంకో మనిషిని పిలవాలన్న ఆలోచన దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఇంకో రెండు ప్లేయర్లు, స్పీకర్లు కొనుక్కొచ్చి, మూడు ప్లేయర్లనూ ఒకే స్విచ్చుకు కలిపాడు. తిరగని రికార్డుల మీద ముళ్ళు ముందే పెట్టి, స్విచ్చు వేస్తే చాలు, మూడూ ఒక్కసారే కదిలేవి. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, తన ఒక్క కుర్చీలో కూర్చుని, స్విచ్చు వేశాడు.

అబ్బ! ఎంత సరిగ్గా వచ్చిందని! గిటారు మీద డ్రమ్ము, డ్రమ్ము మీద వాన, వెంట్రుకవాసి తేడా లేదు. రెండోవైపు తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. గిటార్లు ఆగాయి. డ్రమ్ములు ఆగాయి. వాన ఆగింది.

ఏమీ రాలేదు.

ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ నిశ్శబ్దం అయిపోయి మళ్ళీ గిటార్లు వచ్చేశాయి. మురహరి గబుక్కున లేచాడు. ముల్లు మార్చాడు. రికార్డు కడిగాడు. వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. చీకటి పడేదాకా ఆ ఒక్క చోటే మళ్ళీ మళ్ళీ వేశాడు. ఎంత వేసినా అదే ఖాళీ. ఎవరో తన కోసం పాడే ఆ గొంతు లేదు. ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. ఏడవడానికి బదులు కోపం తెచ్చుకున్నాడు.

"అర్థమైంది! ముసలాయన అసలుది దాచుకుని నాకు తర్వాతి ముద్రణ అంటగట్టాడు. అంచు మీది ఆ గీత కూడా నన్ను నమ్మించడానికి గీసిందే! ఎంత అమాయకంగా ఇచ్చాడు!" అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. ఫోన్ తీసి, అందరూ చూసే గ్రూపులో రాసేశాడు: "లాలాగూడ ఎడ్విన్ గారు అసలు రికార్డు దాచి నాకు వేరేది ఇచ్చారు. ఇలాంటి వాళ్ళతో అభిమానులందరూ జాగ్రత్త."

గ్రూపు గుప్పుమంది. అయ్యో అన్నవాళ్ళున్నారు, ఛీ అన్నవాళ్ళున్నారు. ఎడ్విన్ ఒక్క ముక్క కూడా జవాబు రాయలేదు. వహీదా మాత్రం ఫోన్ చేసింది. "ఆదివారం అంకుల్‌ను తీసుకుని వస్తున్నా భాయ్. మా ముందు పెట్టి వినిపించండి" అంది. గొంతు కటువుగా ఉంది.

ఎడ్విన్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. జెండా తేలేదు. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టి, వహీదా వంటింట్లోంచి ఒక స్టూలు తెచ్చుకుంది. మురహరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"చేతులు అక్కర్లేదు. ఒకటే స్విచ్చు" అన్నాడు కొంచెం గర్వంగా.

పాట మొదలైంది. రెండోవైపు వచ్చింది. గిటార్లు ఆగాయి, డ్రమ్ములు ఆగాయి, వాన ఆగింది. ఎడ్విన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పెదవులు బిగించి, నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. గదిలో ఏ చప్పుడూ లేదు.

"చూశారా!" అని అరిచాడు మురహరి. "ఇక్కడే! ఇక్కడే రావాలి!"

"ఏం రావాలి?" అంది వహీదా.

"కూనిరాగం! లాలాగూడలో ప్రతిసారీ ఇక్కడే వచ్చేది. ఎడ్విన్ గారి స్పీకర్లోంచి వచ్చేది. నేను అన్ని నెలలు విన్నాను. నా చెవులు అబద్ధం చెప్తాయా?"

వహీదా ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత ఎడ్విన్ వంక చూసింది.

"మురహరి భాయ్, ఊరందరికీ కళ్ళజోళ్ళు పెట్టే మనిషి మీరు. లాలాగూడలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కళ్ళు తెరిచి వినలేకపోయారా? ఆ రాగం స్పీకర్లోంచి రాలేదు. స్పీకర్ పక్కన కూర్చున్న మనిషిలోంచి వచ్చింది. పాడేది అంకుల్! మీకు తెలుసనే అనుకున్నాం."

మురహరికి తల కొట్టేసినట్టయింది. స్విచ్చు ఆపడం కూడా మర్చిపోయాడు. పాట దాని మానాన అది పోతూనే ఉంది.

ఎడ్విన్ మెల్లగా నోరు విప్పాడు. "గూడ్సు బండికి గార్డుగా చేసేవాణ్ణి. బండి చివర డబ్బాలో నేనొక్కణ్ణే. సిగ్నల్ లేక ఎక్కడో పొలాల మధ్య ఆగిపోతే చుట్టూ మనిషి అలికిడి ఉండదు. గుండె గుబులుగా ఉండేది. అప్పుడు అలా పాడుకునేవాణ్ణి, వినేవాడు లేకపోయినా. ఈ పాటలో ఈ ఖాళీ రాగానే ఆ పొలాలు గుర్తొచ్చేవి. దానంతటదే వచ్చేది. పక్కన మీరిద్దరూ ఉండేవారు, నాకు ధైర్యంగా ఉండేది" అన్నాడు.

"మరి ఇవాళ ఎందుకు పాడలేదు అంకుల్?" అని అడిగింది వహీదా.

"దొంగనని పదిమందిలో అన్నారు కదమ్మా. గొంతు రాలేదు."

మురహరి నేల మీద ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అంకుల్, బుద్ధి గడ్డి తిని అన్నాను. ఒక్కసారి, ఒక్కసారి పాడండి. నాకు ఇంకేమీ వద్దు" అన్నాడు. వహీదా మూడు ముళ్ళూ వెనక్కి జరిపి మళ్ళీ వేసింది. ఆ చోటు వచ్చింది. ఎడ్విన్ కాదనలేదు. కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. పొడిదగ్గు వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. మళ్ళీ దగ్గే వచ్చింది. ఆ దగ్గుకు మురహరి ముఖం చిట్లించలేదు.

"రావడం లేదండీ మురహరి గారూ" అన్నాడు ఎడ్విన్. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

అండీ అన్నాడు. గారూ అన్నాడు. ఏరా మురారీ అని పిలిచే మనిషి!

ఆ సాయంత్రమే మురహరి గ్రూపులో తన తప్పు ఒప్పుకున్నాడు. మర్నాడు షాపు తెరవకుండా ఆటో ఎక్కి, మూడు రికార్డులూ తీసుకెళ్ళి ఎడ్విన్ ఇంటి ముందుగదిలో పెట్టాడు. తన గిటార్ల రికార్డు కూడా అక్కడే వదిలేశాడు. ఎడ్విన్ వద్దనలేదు. మంచినీళ్ళిచ్చాడు, ఎండగా ఉంది కాసేపు కూర్చోమన్నాడు.

ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఎడ్విన్ బదులు వహీదానే రెండు చేతులతో రెండు ముళ్ళు పట్టుకునేది. ఎడ్విన్ జెండా ఊపేవాడు. వాన ఒకసారి ముందొచ్చేది, ఒకసారి వెనకొచ్చేది. మురహరి ఇప్పుడు కళ్ళు తెరుచుకుని వినేవాడు. రెండోవైపు ఆ చోటు రాగానే ఎడ్విన్ పెదవుల వంకే చూసేవాడు. అవి కదిలేవి కావు. ఆ ఖాళీలో వహీదా ఎప్పుడైనా బిస్కెట్ కొరికితే, ఆ చప్పుడైనా ఉంది కదా అని మురహరికి ప్రాణం కుదుటపడేది.

ఒకసారి ఆ రాగం తనే అందుకోబోయాడు. నెలల తరబడి విన్నదే, ఆయన గొంతులో ఎక్కడికో పోయింది. సగంలో ఆపేసి తల దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఆ రోజు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. "అంకుల్, వచ్చే నెల కూడా రానా?" అని అడిగాడు.

"తప్పకుండా రండి మురహరి గారూ. మీ ఇల్లే అనుకోండి" అన్నాడు ఎడ్విన్. మాటలో విరుపేమీ లేదు. ఎంతో మర్యాదగా అన్నాడు. మురహరి చెప్పులేసుకుని మెట్లు దిగాడు. వెనక నుంచి "ఏరా" అని ఒక్క పిలుపు వస్తుందేమోనని వీధి మలుపు దాకా మెల్లగా నడిచాడు. రాలేదు.

నీతి: నలుగురిలో పుట్టిన ఆనందాన్ని ఒక్కరమే దక్కించుకోవాలని చూస్తే వస్తువే చేతిలో మిగులుతుంది, మంచి మనిషి మీద నింద వేశాక క్షమాపణ అడిగితే ఆ ఇంటి తలుపు తెరుచుకుంటుంది గానీ, ఆ గొంతులో పాట మళ్ళీ పుడుతుందని చెప్పలేం.